ఆయన చెప్పగా నేను బిగించిన కంప్యూటర్

హైదరాబాదు దవాఖాన నుంచి తిరిగి వస్తుంటే, సంగారెడ్డి దాటేవరకు మా ఆయన కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు. జోగిపేట దగ్గరికి వచ్చాక నా వైపు తిరిగి, “ఇంట్లకొక కంప్యూటర్ కడదాం. మంచిది. ఏండ్లకేండ్లు నడిచేది,” అన్నాడు.

నాకు కోపం వచ్చింది. ఆ పొద్దున డాక్టరు చెప్పిన మాటలు ఇంకా నా చెవుల్లోనే ఉన్నాయి. కండరాలను ఆడించే నరాలు ఒక్కొక్కటే చచ్చిపోతున్నాయట. ఇప్పుడు చేతులు. తర్వాత మాట, మింగడం, చివరికి ఊపిరి. రోగాన్ని కాస్త నెమ్మదింపజేసే మాత్రలున్నాయి గానీ నయం చేసే మందు లేదన్నాడు. అంతా విన్నాక మా ఆయన అడిగింది ఒక్కటే: “మాట ఎన్నడు పోతది సార్?” ఎంతకాలం బతుకుతానని అడగలేదు. ఒక్కొక్కరికి ఒక్కో తీరుగా ఉంటుందని, ఖచ్చితంగా చెప్పలేనని డాక్టరు అన్నాడు. అలాంటి మాట విని వస్తూ కంప్యూటర్ గురించి ఆలోచించే మనిషిని ఏమనాలి? మా ఊరు నారాయణఖేడ్ వచ్చేదాకా మళ్లీ మాట్లాడుకోలేదు.

మాకు బస్టాండుకు దగ్గరలో చిన్న దుకాణం ఉండేది. ముందు భాగంలో కూర్చుని నేను తెలుగు టైపింగు చేసేదాన్ని. అర్జీలు, పెళ్లిపత్రికలు, బడి ప్రశ్నపత్రాలు, చర్చి ఆరాధన కాగితాలు. వెనక బల్ల దగ్గర ఆయన పాడైన కంప్యూటర్లు బాగు చేసేవాడు, కావాలన్నవాళ్లకు సామాన్లు తెచ్చి కొత్తవి తయారు చేసేవాడు. తయారు చేయడం అనేవాడు కాదు, కట్టడం అనేవాడు. ఖేడ్‌లోనే కాదు, కంగ్టి, మనూర్ వైపు బళ్లలో, చిన్న చిన్న ఆఫీసుల్లో ఆయన కట్టినవి ఎన్నో ఉన్నాయి. మేము వాడుకునేది మాత్రం ఎవరెవరో వద్దని వదిలేసిన ముక్కలతో కట్టింది. దాని పక్క రేకు ఎప్పుడూ ఊడదీసే ఉండేది. మధ్యమధ్యలో ఆగిపోతే ఆయన వెనక నుంచి వచ్చి లోపల ఎక్కడో వేలితో తట్టేవాడు, మళ్లీ నడిచేది. అది నాకు అలవాటైపోయింది.

రోగం మొదట స్క్రూల దగ్గర బయటపడింది. ఆయన వేళ్ల సందు నుంచి స్క్రూలు జారి కిందపడేవి. అయస్కాంతం ముక్క పట్టుకుని నేల మీద వెతుకుతుంటే నేను నవ్వేదాన్ని. తర్వాత చొక్కా గుండీలు పెట్టుకోలేకపోయాడు. తర్వాత ఒకరోజు స్క్రూడ్రైవర్‌ను పిడికిట్లో పట్టుకుని, దాన్ని తిప్పలేక, బల్ల మీద తల ఆనించి కూర్చోవడం చూశాను. ఆ వారమే హైదరాబాదు వెళ్లాం.

తిరిగి వచ్చాక కొన్నాళ్లకే దుకాణం ఖాళీ చేయాల్సి వచ్చింది. ఆయన ఇంట్లో మంచం మీద కూర్చుని నాకు కంప్యూటర్ పాఠం మొదలుపెట్టాడు. నేను వింటున్నానా లేదా అని కూడా చూసేవాడు కాదు.

అందరూ ముందు ప్రాసెసర్ గురించి అడుగుతారు. ఆయన మాత్రం కరెంటు దగ్గర మొదలుపెట్టాడు. గోడ ప్లగ్గు నుంచి వచ్చిన కరెంటును మార్చి లోపలి భాగాలన్నిటికీ పంచే ఇనుప డబ్బా ఒకటుంటుంది. దాన్ని పవర్ సప్లై అంటారు. మా ఊళ్లో గాలి వీస్తే కరెంటు పోతుంది, వచ్చేటప్పుడు ఒక్కసారిగా దూకుతూ వస్తుంది. ఎండాకాలం మధ్యాహ్నాలైతే ఫ్యాను రెక్కలు లెక్కపెట్టేంత మెల్లగా తిరుగుతాయి. “కావలసిన దానికంటె రెండింతలు మోసే డబ్బా పెట్టాలె,” అన్నాడు. “అప్పుడు అది సగం బరువుతోనే నడుస్తది. అలసిపోదు. లోపటి సామాన్లన్నీ దాని మీదనే బతుకుతయి.”

తర్వాత మదర్‌బోర్డు. ర్యామ్ పెట్టే గాళ్లు నాలుగు ఉండాలి, ఇప్పుడు రెండే నింపాలి. పెద్ద ర్యామ్ ఒకటి పెట్టేకంటే చిన్నవి రెండు మేలు. ఒకటి చచ్చినా రెండోదానితో నడుస్తుంది. వేరే గ్రాఫిక్ కార్డు వద్దు. టైపింగుకు ప్రాసెసర్‌లో ఉన్నది చాలు, అదనంగా పెడితే అదనంగా చెడిపోయేది ఒకటి తయారవుతుంది. ఇవన్నీ బిగించే పెద్ద డబ్బా మామూలు ఇనుపది కావాలి. దానికి ముందు వైపు దుమ్మును ఆపే జాలి ఉండాలి. కంది కొట్టే రోజుల్లో మా ఇంట్లోకి వచ్చే దుమ్ము ఆయనకు తెలుసు.

“జాలి చేతితోటే ఊడి రావాలె. స్క్రూల పని ఉండొద్దు. నువ్వు నెలకోసారి నల్లా కింద పెట్టి కడుక్కోవాలె, ఆరినంక మళ్ల పెట్టుకోవాలె.”

అప్పుడు నాకు తట్టింది. ఏ పనైనా ఆయన ‘మనం’ అనేవాడు. నేను ఒక్కదాన్నే చేసే వంటను కూడా ‘ఇయ్యాల మనం ఏం వండుతున్నం?’ అని అడిగేవాడు. ఈ కంప్యూటర్ దగ్గరికి వచ్చేసరికి అన్నీ ‘నువ్వు’. నువ్వు కడుక్కోవాలె. నువ్వు ఇంకో ర్యామ్ పెట్టుకోవాలె. నువ్వు ప్రాసెసర్ మార్చుకోవచ్చు.

“నాకొద్దు గా కంప్యూటర్,” అన్నాను.

“ఎందుకొద్దు?”

“వద్దంటే వద్దు. ఇంకో దవాఖానకు పోదాం. బీదర్‌ల నరాల డాక్టర్ ఉన్నడట. మందులిస్తడట.”

ఆయన నా వైపు తిరిగాడు. “నేను పోయినంక గా పాత డబ్బా ఆగిపోతే నువ్వు ఎవని దుకాణం ముంగట నిలబడతవ్? ఒకడు బోర్డు పోయిందంటడు, ఇంకొకడు మొత్తమే మార్చాలంటడు. నీకు తెల్వదని చెప్తరు. నాకు గదే పరేషాన్ ఉన్నది.”

నేను లేచి వాకిట్లోకి వచ్చేశాను. అక్కడ మా అత్త చేటలో కందిపప్పు ఏరుతోంది. ఆమె అన్నీ వింది. ఊళ్లో కూలి పని చేసి కొడుకును చదివించిన మనిషి. రోగం సంగతి తెలిసినప్పటి నుంచి పొద్దున, మాపున మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థన చేస్తోంది. నేను పక్కన కూర్చోగానే చేతిలో పని ఆపకుండానే అంది: “వాడు చెప్పినట్టు చెయ్యి బిడ్డా. దేవునితోటి నేను కొట్లాడుతున్న. నువ్వు వానితోటి కొట్లాడకు.”

ఆ మరుసటి వారం నేను సికింద్రాబాద్ బయల్దేరాను. కంప్యూటర్ సామాన్లు దొరికే గల్లీకి అంతకుముందు ఆయనతో వెళ్లాను గానీ అప్పుడెప్పుడూ ఏ దుకాణంలో ఏముందో పట్టించుకోలేదు. చిన్నప్పుడు సండే స్కూల్లో వాక్యం కంఠతా పట్టించినట్టు ఆయన నా చేత అన్నీ పట్టించాడు. బస్సులో కూర్చుని పెదవులు కదుపుతూ వల్లె వేసుకుంటుంటే పక్క సీటావిడ జపం చేస్తున్నాననుకుని చూపు తిప్పుకుంది.

దుకాణంవాడు మర్యాదస్థుడే. ముందు అద్దాల డబ్బా చూపించాడు. లోపల ఎరుపు, నీలం దీపాలు తిరుగుతున్నాయి. నాకు వద్దన్నాను. జాలి ఉన్న ఇనుప డబ్బా కావాలంటే వెనక గదిలోంచి తెచ్చాడు. మదర్‌బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ అన్నీ నేను అడిగినట్టే దొరికాయి. పవర్ సప్లై దగ్గర చిక్కొచ్చింది. ఆయన చెప్పింది వాళ్ల దగ్గర అయిపోయింది. వేరే రెండు రకాలు బల్ల మీద పెట్టి, ఏదైనా ఒకటేనన్నాడు.

నేను ఇంటికి ఫోన్ చేశాను. అత్త ఫోన్ ఆయన చెవి దగ్గర పట్టుకుంది. నేను సంగతి చెప్పి, దుకాణంవాడితోనే మాట్లాడమని స్పీకర్ పెట్టాను. ఆయన మాట్లాడాడు. దుకాణంవాడు “ఆఁ? ఏంది సార్?” అన్నాడు. ఆయన మళ్లీ చెప్పాడు. దుకాణంవాడు ఫోన్ వైపు వంగి, నొసలు ముడిచి, “సార్, జర సాఫ్‌గ చెప్పండి,” అన్నాడు. ఆయన మూడోసారి, ఇంకా గట్టిగా చెప్పాడు. అతను నా వైపు తిరిగి గొంతు తగ్గించి అడిగాడు: “మేడమ్, సార్ పొద్దుగాల్నే తాగిండా?”

నాకు ఆయన చెప్పిన ప్రతి మాటా అర్థమైంది. రెండు డబ్బాలూ చెరో చేతిలో పట్టుకుని బరువు చూడమంటున్నాడు. లోపల రాగి, ఇనుము ఎక్కువుంటే బరువుంటుంది, వైర్లు మందంగా ఉన్నాయో లేదో చూడమంటున్నాడు. అంతా స్పష్టంగా వినబడింది నాకు. రోజూ ఆ గొంతు పక్కనే ఉన్నందువల్ల అది రోజుకింత అరిగిపోతున్నా నా చెవి దాంతోపాటే సర్దుకుంటూ వచ్చింది. మాట పోవడం ఎప్పుడో మొదలైందని, అది బయటివాళ్లకు అందనంత దూరం వచ్చేసిందని ఆ బల్ల ముందు నిలబడి తెలుసుకున్నాను.

“తాగలే,” అన్నాను. “నరాల రోగం. మాట పడిపోతున్నది.”

అతని ముఖం మాడిపోయింది. కుర్చీ తెచ్చి వేశాడు. చాయ్ తెప్పించాడు. నేను అడగకుండానే పక్క దుకాణాల నుంచి ఇంకా రెండు రకాలు తెప్పించి ముందు పెట్టాడు. నేను ఒక్కొక్కటీ ఎత్తి చూసి, అన్నిటికంటే బరువుగా ఉన్నది తీసుకున్నాను. అప్పుడు చూశాను, ఫోన్ ఇంకా కట్ కాలేదు. చెవి దగ్గర పెట్టుకున్నాను. అవతల ఆయన ఊపిరి వినిపించింది.

“తీసుకున్న,” అన్నాను. “బరువుది తీసుకున్న.”

“మంచిగ చేసినవ్,” అన్నాడు. ఆ రెండు మాటలూ ఎంత మెల్లగా, ఎంత విడదీసి పలికాడంటే, నాకు కూడా అర్థం కాదేమోనని భయపడ్డట్టుంది.

ఆ తర్వాత ఆయన ఫోన్ ముట్టలేదు. ఇంటికి ఎవరొచ్చినా తల ఊపేవాడు, అంతే. మాట్లాడితే నాతో, లేకపోతే వాళ్లమ్మతో.

సామాన్లు వచ్చాక మధ్యాహ్నాలు పని మొదలుపెట్టాం. నేల మీద దుప్పటి పరిచి, దాని మీద అట్టముక్క వేసి కూర్చునేదాన్ని. ఆయన్ను గోడకు దిండ్లు ఆనించి పక్కనే కూర్చోబెట్టేవాళ్లం. ముందు ఇనుము ముట్టుకోమనేవాడు, ఒంట్లో ఉన్న కరెంటు దిగిపోవడానికి. ప్రాసెసర్ మూలన చిన్న మూడుకోణాల గుర్తు ఉంటుంది. బోర్డు మీద కూడా అలాంటిదే ఉంటుంది. రెండూ కలవాలి. “నొక్కొద్దు. పడుకోబెట్టు. పసిపిల్లను పడుకోబెట్టినట్టు.” మాకు పిల్లల్లేరు. ఆ మాట ఆయన నోటినుంచి వచ్చాక నేను ప్రాసెసర్‌ను రెండు వేళ్లతో మెల్లగా దాని చోట పడుకోబెట్టాను.

ర్యామ్ దగ్గర మాత్రం అంతా తలకిందులు. నేను భయపడి మెల్లగా పెడుతుంటే, “ఒత్తు. ఇంకా ఒత్తు,” అన్నాడు. బోర్డు వంగుతోంది. విరుగుతుందని ఆగి ఆయన వైపు చూశాను. “ఒత్తు! ఇరగది!” టక్కుమని చప్పుడైంది. ఆయన కళ్లు మూసుకుని తృప్తిగా తల ఆడించాడు. ఆ చప్పుడు ఆయన చెవికి ఎంత ఇష్టమో, ఇన్నేళ్లు వెనక బల్ల నుంచి అది వినబడుతున్నా నేను పట్టించుకోనేలేదు.

కొన్ని రోజులు మాట బొత్తిగా వచ్చేది కాదు. ఒక వైరు గురించి చెప్పాలని ప్రయత్నించి, ప్రయత్నించి, చివరికి ఏడ్చేశాడు. నోటి పక్క నుంచి కారుతున్న చొంగ తుడుచుకోవడానికి చెయ్యి కూడా లేవలేదు. నేను కొంగుతో తుడిచాను. “ఇయ్యాల చాలు,” అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆ రోజు కూడా చీకటి పడేలోపు ఆ వైరు పెట్టాకే లేవనిచ్చాడు.

అంతా బిగించి మొదటిసారి స్విచ్ వేశాను. ఫ్యాన్లు తిరిగాయి. తెర మాత్రం నల్లగానే ఉంది. ఆపి, మళ్లీ వేశాను. అంతే. సామాన్లన్నీ పాడు చేశాననుకుని, ఏది తప్పో చెప్పమని ఆయన వైపు తిరిగాను. ఆయన ఏదో చెప్పబోయాడు, గొంతులోంచి శబ్దం తప్ప ఏమీ రాలేదు. ఏ భాగం చూపించినా కాదన్నట్టు కళ్లు ఆర్పుతున్నాడు. అప్పుడు మా అత్త, అప్పటిదాకా గుమ్మంలో కూర్చుని చూస్తున్నది, లేచి వచ్చి కొడుకు ముఖం పక్కన తన ముఖం పెట్టి, అతను చూస్తున్న వైపే చూసింది.

“అగో, గా పై మూలకు చూస్తుండు. గాడ ఏమో ఖాళీ ఉన్నది చూడు బిడ్డా.”

బోర్డు పై మూలలో ప్రాసెసర్‌కు కరెంటు ఇచ్చే వైరు పెట్టలేదు. దాన్ని డబ్బా వెనక వైపుకు నెట్టేసి మరిచిపోయాను. తీసి పెట్టాను. స్విచ్ వేశాను. తెర వెలిగింది. అత్త “స్తోత్రం” అంది. నేను ఆయన మీద వాలిపోయి నవ్వుతూ ఏడ్చాను. ఆయన కూడా నవ్వాడు. ఆ ముఖంలో నవ్వు రావడానికి అప్పటికే చాలాసేపు పట్టేది, వచ్చిన నవ్వు పోవడానికీ అంతే.

తర్వాత, గొంతు కొంచెం తేరుకున్నాక, అన్నాడు: “ఇగ ఇప్పు.”

నాకు సరిగా వినబడలేదనుకున్నాను. “ఏంది?”

“ఇప్పు. మొత్తం. మళ్ల పెట్టు.”

“పిచ్చా నీకు? మంచిగ నడుస్తున్నది కద!”

ఆయన కంప్యూటర్ వైపే చూస్తూ కూర్చున్నాడు. నేను కోపంతో వంటింట్లోకి వెళ్లాను, గిన్నెలు తోమాను, వాకిలి ఊడ్చాను. తిరిగి వచ్చేసరికి అలాగే చూస్తున్నాడు. మరుసటి మధ్యాహ్నం నేను స్క్రూడ్రైవర్ తీసుకుని అన్నీ విప్పాను. మళ్లీ మొదటి నుంచి బిగించాను. ఈసారి ఆయన ఒక్క మాటా చెప్పలేదు. నేను తలెత్తి అడిగినా కళ్లు మూసుకునేవాడు. అప్పుడు అది నాకు చాలా క్రూరంగా అనిపించింది. ఒక్క సైగ చేస్తే అయిపోయే దానికి నన్ను గంటసేపు తంటాలు పెట్టాడు. తప్పులు చేశాను, వెతుక్కున్నాను, దిద్దుకున్నాను. తెర వెలిగేసరికి ఆయన కళ్లు తెరిచే ఉన్నాయి. ఈసారి నవ్వలేదు. చాలా అలసిపోయినవాడిలా గోడకు తల వాల్చేశాడు.

ఆ తర్వాత ఆయన నాకు నేర్పింది ఏమీ లేదు. వానాకాలం వచ్చేసరికి మింగడం కష్టమైంది. మంచం పక్కనే బల్ల వేసుకుని నేను టైపింగు చేసేదాన్ని. ఒక మధ్యాహ్నం బయట వాన పడుతోంది. నేను బడి పరీక్ష కాగితం టైపు చేస్తున్నాను. అత్త ఆయన కాళ్లకు నూనె రాస్తోంది. “బిడ్డా, ఇటు రా,” అంది. అరవలేదు. మామూలుగానే పిలిచింది. నేను వెళ్లేసరికి ఆయన లేడు.

ఆయన కోసం చర్చిలో పెట్టే జ్ఞాపక కూడికకు కార్డులు కొట్టించాలి. ఎన్నో ఇళ్లకు అలాంటి కార్డులు నేనే చేసిచ్చాను. సిలువ గుర్తు, వాక్యం, ‘ప్రభువునందు నిద్రించిన’ అనే మాట, అన్నీ కంప్యూటర్లో సిద్ధంగా ఉంటాయి. పాత పేరు చెరిపి కొత్త పేరు పెట్టడమే పని. అంతకుముందు చేసింది మనూర్ వైపు ఒక పెద్దాయనది. ఆ పెద్దాయన పేరు చెరిపాను. ఖాళీ అయిన చోట గీత మెరుస్తూ, ఆరుతూ ఉంది. దుకాణంలో రోజుకు ఎన్ని పేర్లు కొట్టేదాన్నో. నా వేళ్లు కదల్లేదు. పాస్టరమ్మ తను టైపు చేయిస్తానని పక్కన నిలబడి అంది. నేను వద్దన్నాను. పేరులో మొదటి అక్షరం కొట్టి, ఆగి, రెండోది కొట్టి, అలా పూర్తి చేశాను.

కంప్యూటర్ ఇప్పటికీ నడుస్తోంది. టైపింగు పని ఇంటికే వస్తోంది. దాని మీదే అత్తా నేనూ బతుకుతున్నాం. మొన్నటి ఎండాకాలం లోపలి ఫ్యాను ఒకటి గుర్రుమంటే నేనే తెప్పించి మార్చుకున్నాను. ఎవరి దుకాణం ముందూ నిలబడలేదు. ఆయన అనుకున్నది అనుకున్నట్టే జరిగింది. అందుకు నాకు సంతోషం కలగాలి, కలగడం లేదు. ఆగిపోతే వచ్చి తట్టే మనిషి కావాలి నాకు.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక అత్త బల్ల దగ్గరికి వచ్చి, తెర వైపు చూస్తూ అడిగింది: “అండ్ల వాని మాట ఉన్నదా బిడ్డా?”

ఊళ్లోవాళ్ల పెళ్లి వీడియోలు, పిల్లల పుట్టినరోజులు ఎన్ని కాపాడి ఇచ్చాడో ఆయన. ఆయన గొంతు మాత్రం మా దగ్గర లేదు. పట్టి పెట్టాలని ఆయనకూ తోచలేదు, నాకూ తోచలేదు. చాలాసేపు వెతికితే చుట్టాల పెళ్లి వీడియో ఒకటి దొరికింది. వెనక పందిరి గుంజ దగ్గర నిలబడి ఎవరితోనో మాట్లాడుతున్నాడు. పెదవులు కదులుతున్నాయి. బ్యాండు చప్పుడు తప్ప ఏమీ వినబడదు. అత్త దాన్ని మళ్లీ పెట్టమంది. మళ్లీ పెట్టాను.

తర్వాత ఆమె తెర నుంచి ముఖం తిప్పి, గడప వైపు చూస్తూ, “బడి నుంచి వస్తనే గిట్ల అంటుండె,” అని, కొడుకులా గొంతు మార్చి పిలిచింది: “అవ్వా... ఏమున్నదే తిననీకి?”

మొదటి మాట సాగదీసి, చివర కొంచెం పైకి లేపి. అచ్చం ఆయనే. దుకాణం నుంచి వచ్చి చెప్పులు విడుస్తూ నన్ను అడిగినప్పుడు కూడా అలాగే లేపేవాడు. ఆమెకు అలా పలకడం వచ్చని నాకు తెలియదు.

“మళ్లొకసారి అను అత్తా,” అన్నాను.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి తీసి, మళ్లీ అంది.